కోలుకున్నవారి గడిలో మేం రాసిన పేర్ల గురించి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, కమిషనర్లకు, జిల్లా వైద్యాధికారులకు,

నమస్కారం.

నేను రిటైరైన ఏఎన్ఎంని. బాపట్ల జిల్లాలో, రేపల్లె వైపు పల్లెల్లో ముప్ఫై ఏళ్లకు పైగా తిరిగాను. టీకాల బాక్సు భుజాన వేసుకుని పొలం గట్ల మీద నడిచినదాన్ని. ఇప్పుడు వీధి చివర పాలకేంద్రం దాకా వెళ్లాలంటే ముందు రోజే ఆలోచించుకోవాలి. కరోనా వచ్చి తగ్గిన దగ్గర్నుంచి ఇంతే. నా ఒక్కదాని బాధే అయితే మీకు ఉత్తరం రాసేదాన్ని కాదు. డ్యూటీలో ఉండగా నా చేత్తో రిజిస్టర్లో రాసిన ఒక మాట నిజం కాదని తర్వాత తెలిసింది. అందుకే రాస్తున్నాను.

2021 మే నెల మీకూ గుర్తుండే ఉంటుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఫీవర్ సర్వే అని ఇల్లిల్లూ తిరిగాం. గుమ్మం బయటే నిలబడి జ్వరం ఉందా, దగ్గు ఉందా, ఆయాసం ఉందా అని అడగడం, ఉందంటే టెస్టుకి పంపడం, పాజిటివ్ వస్తే కిట్ ఇవ్వడం, రోజూ ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంతుందో రాసుకోవడం. నా దగ్గర ఒక పొడుగు రిజిస్టర్ ఉండేది. పేరు, వయసు, లక్షణాలు మొదలైన తేదీ, టెస్టు తేదీ, ఇంట్లోనా ఆస్పత్రిలోనా, ఇలా గడులు ఉండేవి. చివర రెండే గడులు. కోలుకున్నారు, చనిపోయారు. గడువు రోజులు దాటి, మనిషి బతికుంటే మొదటి గడిలో టిక్కు పెట్టేవాళ్లం. ఎవరూ మోసం చేయలేదు, మాకు ఇచ్చిన ఫారం అది. ఆ రోజుల్లో ఆ గడిలో ఒక్కో టిక్కు పెడుతుంటే ప్రాణం లేచొచ్చినట్టు ఉండేది కూడా.

ఆ నెల రెండో వారంలో నాకూ జ్వరం వచ్చింది. అయిదు రోజులు కాసింది. ఆక్సిజన్ 94 కంటే తగ్గలేదు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. గడువు కాగానే నాతో పనిచేసే అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, మీ పేరు కోలుకున్నవాళ్లలో వేసేశాను" అని సంతోషంగా చెప్పింది. ఆ ఫోన్ వచ్చిన పూట నేను బాత్రూం దాకా వెళ్లి వచ్చి, దండెం మీద తువ్వాలు అందుకునే ఓపిక లేక తడి చేతులతోనే మంచం మీద వాలిపోయి ఉన్నాను. "సరేనమ్మా" అన్నాను.

జ్వరం పోయాక నెల రోజులు నీరసం ఉండడం ఎవరికైనా ఉండేదే అనుకున్నాను. రెండు నెలలైంది. మూడు నెలలైంది. మెట్లు ఎక్కితే గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టు ఉండేది. టీకాల కార్డు మీద పిల్లవాడి పేరు రాస్తూ రాస్తూ, సగం పేరు దగ్గర, నేను ఏం రాస్తున్నానో మరిచిపోయేదాన్ని. వాసన అసలు తెలిసేది కాదు. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె అడుగంటి, వంటిల్లంతా పొగ కమ్మింది. నేను పక్క గదిలోనే కూర్చుని కూర తరుగుతున్నాను. గోడ అవతల ఉన్న పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి గ్యాస్ కట్టేసింది. మాడిన పాల వాసన ఆవిడకు గోడ దాటి వెళ్లింది, నాకు తలుపు దాటి రాలేదు.

హైదరాబాద్‌లో మా అమ్మాయి ఉంటుంది. అక్కడికి తీసుకెళ్లింది. ఎనిమిది నెలల్లో ఎన్ని ఆస్పత్రులు తిరిగామో ఇప్పుడు చెప్పలేను, ఫైలు మాత్రం ఇంత లావు అయింది. ఈసీజీ, ఎకో, సీటీ, తలకి ఎమ్మారై, డీ డైమర్. అన్నీ నార్మల్. ప్రతిచోటా ఆ మాట చెప్పేటప్పుడు డాక్టర్ల మొహంలో ఒక శుభవార్త చెబుతున్న వెలుగు ఉండేది. ఒకాయన రిపోర్టులు మూసి, "అన్నీ బాగున్నాయమ్మా, మీరు టెన్షన్ పెట్టుకోకండి, అదే తగ్గిపోతుంది" అన్నారు. ఇంకొకరు వయసు వల్ల అన్నారు. చేతి గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు అలా అయిపోయింది. చెడ్డవాళ్లని నేననను. వాళ్ల ముందున్న కాగితాల్లో నా జబ్బు కనబడే చోటు లేదు.

కనిపెట్టింది ఒక చిన్న డాక్టరమ్మ. మెడిసిన్‌లో పీజీ చేస్తున్న అమ్మాయి, మా అమ్మాయి కంటే చిన్నది. ఆమె కొత్త టెస్టు ఏమీ రాయలేదు. నన్ను పది నిమిషాలు పడుకోబెట్టి, వేలికి ఆక్సీమీటర్ పెట్టి నాడి చూసింది. 76. తర్వాత గోడకి ఆనుకుని కదలకుండా నిలబడమంది. తను పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని నిమిషం నిమిషానికీ అంకె రాసుకుంది. అయిదో నిమిషానికి నా మోకాళ్లు వణకడం మొదలైంది. పాదాలు కందిన రంగుకి వచ్చాయి. పదో నిమిషానికి 114. "పెద్దవాళ్లకి నిలబడిన పది నిమిషాల్లో నాడి 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ పెరిగి, బీపీ పడిపోకుండా, ఇలాంటి బాధలు నెలల తరబడి ఉంటే దానికి పాట్స్ అని పేరుందండీ. పడుకోబెట్టి ఈసీజీ తీస్తే ఇది దొరకదు. ఇది టెన్షన్ కాదమ్మా" అంది. ఒక స్టూలు, ఒక గోడ, ఒక ఆక్సీమీటర్. ఆ ఆక్సీమీటర్లు 2021లో మీరే మాకు పంచారు. మా సబ్ సెంటర్ బీరువాలో ఇంకా ఉన్నాయి. ఆ రోజు ఆ గదిలో నేను ఏడ్చాను. జబ్బు ఉన్నందుకు కాదు, ఒకరు నమ్మినందుకు.

ఈ జబ్బుకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌లోనే నిర్వచనం ఇచ్చింది. కరోనా సోకిన మూడు నెలల నాటికి లక్షణాలు ఉండి, అవి కనీసం రెండు నెలలు సాగి, వేరే జబ్బుతో వాటికి కారణం దొరక్కపోతే దాన్ని పోస్ట్ కోవిడ్ కండిషన్ అనాలి. నిస్సత్తువ, ఆయాసం, బుర్ర పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించేవి. జబ్బుల కోడ్ల పుస్తకంలో దీనికి యు09.9 అనే నంబరు కూడా ఉంది. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా అదే 2021 అక్టోబర్‌లో కరోనా తర్వాత వచ్చే సమస్యలకు సమగ్ర మార్గదర్శకాలు విడుదల చేసింది. పేరుంది, నంబరుంది, మార్గదర్శకాలున్నాయి. నేను రిటైరయ్యే రోజు వరకు మా ఓపీ చీటీల మీద ఆ పేరు గానీ ఆ నంబరు గానీ రాయడం ఒక్కసారీ చూడలేదు. "జనరల్ వీక్‌నెస్" అని రాసి బీకాంప్లెక్స్ ఇచ్చి పంపడమే చూశాను. ఆ బిళ్లలు ఇచ్చిన చేతుల్లో నావీ ఉన్నాయి.

ఈ జబ్బునే లాంగ్ కోవిడ్ అని కూడా అంటారు. ఆ మాట డాక్టర్లు పెట్టింది కాదట. 2020 మేలో ఇటలీకి చెందిన ఎలీసా పెరెగో అనే పురావస్తు పరిశోధకురాలు, తనకే తగ్గక, ట్విటర్‌లో రాసిన మాట అది. జబ్బు పడ్డవాళ్లే జబ్బుకి పేరు పెట్టుకున్నారు. మా ఊళ్లలోనూ జనం ఒక పేరు పెట్టుకునే ఉన్నారు, మనమే వినలేదు. "కరోనా వచ్చిపోయిన కాణ్ణుంచి" అంటారు. కరోనా వచ్చిపోయిన కాణ్ణుంచి నడుం నిలవట్లేదు సిస్టరుగారూ. కరోనా వచ్చిపోయిన కాణ్ణుంచి నిద్ర లేదు. ఆ మాటతో మొదలయ్యే వాక్యాలు నేను ఎన్ని విన్నానో. విని, "తగ్గుతుందిలేమ్మా" అన్నాను.

అక్కడే ఆగితే బాగుండేది. సలహా కూడా ఇచ్చాను.

మా దగ్గర నాట్లు వేసే ఒక అమ్మాయి ఉంది. అప్పటికి ముప్ఫై నాలుగేళ్లు. చేలో దిగితే పక్కవాళ్లు అందుకోలేనంత వేగం. తనకీ అదే మేలో వచ్చింది, ఇంట్లోనే తగ్గింది. ఖరీఫ్ నాట్లకి వెళ్లి మొదటి రోజు బాగానే చేసింది. రెండో రోజు మధ్యాహ్నం నుంచి పడిపోయింది. మూడు రోజులు మంచం దిగలేదు. మళ్లీ వెళ్లింది, మళ్లీ అంతే. నా దగ్గరికి వస్తే రక్తం చూశాను, పదకొండున్నర ఉంది, కాస్త తక్కువే గానీ మంచాన పడేసేంత కాదు. "కూర్చుంటే ఒళ్లు ఇంకా బిగుసుకుపోతుందమ్మా. రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద నడువు, బలం అదే వస్తుంది" అని చెప్పాను. నా మాట మీద గౌరవం ఉన్న పిల్ల. నడిచింది. వారం నడిచి, రెండు వారాలు లేవలేదు. లేచి మళ్లీ నడిచింది. చివరికి మొగుడూ అత్తా బద్ధకం అనడం మొదలుపెట్టారు. నర్సమ్మ కూడా నడవమనే చెప్పింది కదా, నీకే చెయ్యబుద్ధి కాదు అన్నారు. నా మాటని వాళ్లు ఆ పిల్ల మీద కర్రలా వాడారు.

నాకు నా ఒంట్లో తెలిసొచ్చాక అర్థమైంది. మామూలు నీరసానికీ దీనికీ తేడా ఉంది. మామూలు నీరసంలో ఇవాళ కాస్త కష్టపడితే ఇవాళే అలసట వస్తుంది, రాత్రి పడుకుంటే పోతుంది. ఇందులో ఇవాళ పని చేస్తున్నప్పుడు ఏమీ తెలియదు. దెబ్బ ఒక రోజు ఆగి, ఒక్కోసారి రెండు రోజులాగి పడుతుంది. ఒళ్లంతా విషజ్వరం వచ్చినట్టు అయిపోతుంది, వెలుతురు చూడలేం, మాట వెతుక్కోవాలి. అప్పుడు మనిషి మంచం మీద ఉంటుంది, పని చేసింది మొన్న. అందుకే ఎవరికీ సంబంధం తట్టదు, మనకే తట్టదు. ఇలాంటి వాళ్లని రోజూ కాస్త కాస్త పెంచుకుంటూ నడిపించడం మంచిది కాదు. ఏళ్ల తరబడి ఇదే రకం నిస్సత్తువతో బాధపడే ఎంఈ సీఎఫ్ఎస్ అనే జబ్బు ఒకటి ముందు నుంచీ ఉంది. దానికి అలా లెక్క ప్రకారం వ్యాయామం పెంచుకుంటూ పోయే పద్ధతి వద్దని బ్రిటన్‌లోని నైస్ అనే సంస్థ 2021 అక్టోబర్‌లో తన మార్గదర్శకాలు మార్చి చెప్పింది.

మన కేంద్రం 2020 సెప్టెంబర్‌లో ఇచ్చిన మొదటి పోస్ట్ కోవిడ్ ప్రొటోకాల్‌లో రోజూ ఉదయం గానీ సాయంత్రం గానీ నడక అని ఉంది. అయితే ఎవరు తట్టుకోగలిగినంత వాళ్లు, హాయిగా ఉన్నంత వేగంతో అని కూడా ఉంది. కింది దాకా వచ్చేసరికి ఆ తోక తెగిపోయింది. మా చెవికి చేరింది "నడవమనండి" అన్న ఒక్క మాటే, మేం జనానికి చేర్చింది కూడా అదే. మీటింగులో ఎవరైనా ఒక్క అరగంట కూర్చోబెట్టి ఆ రెండో సగం చెప్పి ఉంటే ఆ పిల్ల అన్ని నెలలు మాటలు పడేది కాదు. ఈ ఒక్క విషయం కోసమైనా మీరు ఏఎన్ఎంలకి, ఆశాలకి ట్రైనింగ్ పెట్టాలి. ఇది ఖర్చు లేని పని. చెప్పకపోతే మాత్రం కింద మనుషులు దెబ్బతింటారు.

మరి ఏం చెప్పాలి అంటారు. ఒంట్లో ఉన్న సత్తువని నెలాఖరు డబ్బులా వాడుకోమని చెప్పాలి. పొద్దున్న వంట చేస్తే స్నానం సాయంత్రానికి పెట్టుకోమనాలి. కూర్చుని తరగడం, కూర్చుని అంట్లు తోమడం, నీళ్లు సగం బిందె చొప్పున తేవడం. బాగున్నట్టు అనిపించిన రోజే ఎక్కువ చేసెయ్యకుండా ఆగమనాలి. అది అన్నిటికన్నా కష్టం. ఆ పిల్లకి ఇవన్నీ నేను వెళ్లి చెప్పాను, అత్తగారిని కూడా కూర్చోబెట్టి చెప్పాను. "నేను ముందు చెప్పింది తప్పు" అని ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఒప్పుకున్నాను. ఇప్పుడు తను నాట్లకి వెళ్లట్లేదు. ఇంట్లో కూర్చుని పూలు కడుతుంది. పూర్తిగా తగ్గిందా అంటే లేదు. పడిపోవడం తగ్గింది.

వాసన పోయినవాళ్లకి నాలుగు వాసనల సాధన ఉంది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కోటి ఇరవై సెకన్ల పాటు, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ, నెలల తరబడి పీల్చాలి. జర్మనీలో హుమెల్ అనే ఆచార్యుడు 2009లో ఈ పద్ధతి ప్రచురించారు. అందరికీ పనిచేస్తుందని చెప్పలేం. నాకు ఏడో నెలలో లవంగం తెలిసింది. ముందు ఘాటుగా ముక్కులో గుచ్చుకున్నట్టు, తర్వాత లవంగంలాగే. మిగతావి పూర్తిగా రాలేదు. లవంగం ఏ ఇంటి పోపులపెట్టెలో లేదు చెప్పండి.

ఇంకో మాట ఖచ్చితంగా చెప్పాలి, లేకపోతే నేను రాసింది కీడు చేస్తుంది. కరోనా తర్వాత వచ్చిన ప్రతి బాధా కరోనా వల్ల కాదు. మా పక్క ఊళ్లో ఒకాయన దగ్గు తగ్గట్లేదంటే అందరూ కరోనా తాలూకు అన్నారు. కళ్లె టెస్టు చేయిస్తే టీబీ. రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ పరీక్ష చేయాల్సిందే, అది మనందరికీ కంఠతా వచ్చిన పాఠం. ఇంకొకామె నీరసం థైరాయిడ్ నుంచి. ఆ రోజుల్లో స్టెరాయిడ్లు వాడి షుగర్ బయటపడ్డవాళ్లున్నారు. బ్లాక్ ఫంగస్ 2021లో ఎలా కబళించిందో మీకు నేను చెప్పక్కర్లేదు. రక్తం, షుగర్, థైరాయిడ్, కళ్లె, ఎక్స్‌రే, ఈసీజీ, ఇవి ముందు చూడాలి. అవన్నీ బాగుంటే "ఏమీ లేదు" అని పంపెయ్యకూడదు. అక్కడి నుంచే ఈ జబ్బు వెతకడం మొదలుపెట్టాలి. దీనికి ఒక్క రక్త పరీక్షతో తేల్చే దారి ఇంకా లేదు. మనిషి చెప్పేది కూర్చుని వినడమే ఇప్పటికి ఉన్న పెద్ద పరీక్ష.

జలుబు, ఫ్లూ తర్వాతి దగ్గు సంగతీ ఇదే. 2023 మార్చిలో హెచ్3ఎన్2 ఫ్లూ వచ్చినప్పుడు జ్వరం మూడు రోజుల్లో పోయినా దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చని, దానికి అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడొద్దని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ ప్రకటించింది. అయినా మందుల షాపులో నేరుగా ఆ బిళ్లలే కొనుక్కుని మింగారు. ఎన్నాళ్లు ఉండొచ్చో ముందే చెబితే జనం ఆగుతారు. చెప్పకపోతే భయపడి ఏదో ఒకటి మింగుతారు, సెలైన్ ఎక్కించుకుంటారు.

టీకా వల్లే ఈ నీరసాలన్నీ అనే ప్రచారం కూడా మా ఊళ్లలో గట్టిగా ఉంది. నేను 2021 జనవరిలో, ఆరోగ్య సిబ్బందికి వేయడం మొదలుపెట్టిన రోజుల్లోనే వేయించుకున్నాను. నాకు తర్వాత నాలుగు నెలలు ఏమీ లేదు, జబ్బు చేశాకే ఇదంతా. ఐసీఎంఆర్ వాళ్లు దేశంలో 31 ఆస్పత్రుల నుంచి డిశ్చార్జ్ అయిన 14,419 మందిని ఏడాది పాటు ఫోన్‌లో వాకబు చేసి 2023లో లెక్క చెప్పారు. డిశ్చార్జ్ అయినవాళ్లలో 6.5 శాతం మంది ఆ ఏడాదిలోపే చనిపోయారు. జబ్బుకి ముందే టీకా వేయించుకున్నవాళ్లకి ఆ ముప్పు 60 శాతం తక్కువగా ఉంది. ఈ లెక్క తెలుగులో, మా పంచాయతీ గోడ మీద రాయించి ఉంటే మేం గుమ్మాల దగ్గర అంత వాదించాల్సి వచ్చేది కాదు. ఆ 6.5 శాతం మందీ ఏ రిజిస్టర్లో ఉన్నారో కూడా ఆలోచించండి. వాళ్లంతా కోలుకున్నవారి గడిలో టిక్కు పడ్డవాళ్లే.

ఎంతమంది ఉంటారు ఇలాంటివాళ్లు అని మీరు అడగొచ్చు. కరోనా వచ్చినవాళ్లలో నూటికి సుమారు ఆరుగురికి ఇది వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆంధ్రప్రదేశ్‌లో 23 లక్షలు, తెలంగాణలో 8 లక్షలకు పైగా కేసులు లెక్కకెక్కాయి. ఆరు వద్దు, నూటికి ఒక్కరే అనుకోండి. అప్పటికీ ముప్ఫై వేల మంది. టెస్టు చేయించుకోనివాళ్లు ఈ లెక్కలో లేరు. 2023 మే 5న కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మంచిదే. ఆ ప్రకటన మా మంచాల దాకా రాలేదు.

పెద్దవాళ్లకి చికెన్ గున్యా గుర్తుంటుంది. 2006లో మన రాష్ట్రాన్ని ఊపేసింది. జ్వరం వారంలో పోయింది, కీళ్ల నొప్పులు నెలలు, కొందరికి ఏళ్లు ఉండిపోయాయి. గోడలు పట్టుకుని లేచేవాళ్లు, మెట్లు కూర్చుని దిగేవాళ్లు. అప్పుడు ఎవరినీ ఎవరూ నటన అనలేదు, ఎందుకంటే ఊరు ఊరంతా కుంటింది. జ్వరం పోయినా జబ్బు పోకపోవచ్చని మన జనానికి తెలుసు. ఇప్పుడు వీధికి ఒకరు, పేటకి ఇద్దరు చొప్పున ఉన్నారు. నలుగురూ ఒకచోట కనిపించరు. అందుకే ఒక్కొక్కరూ ఎవరింట్లో వాళ్లు దోషుల్లా ఉన్నారు. వీళ్లని ఒకచోట చూపించగలిగింది రిజిస్టర్ ఒక్కటే.

అందుకని నేను మొదట అడిగేది భవనం కాదు, మెషిన్ కాదు. ఒక గడి. ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ చూసే సర్వేలు మీరు ఇప్పటికే చేయిస్తున్నారు. ఆ ఫారంలో ఒక్క ప్రశ్న చేర్చండి. కరోనా గానీ, అలాంటి జ్వరం గానీ వచ్చి తగ్గాక మూడు నెలలకు మించి నిస్సత్తువ, ఆయాసం, గుండె దడ, మతిమరుపు, వాసన తెలియకపోవడం ఉందా. అవును అన్నవాళ్లని డాక్టరు చూసి ఇదే జబ్బు అంటే, పేరు ఎదురుగా ఆ యు09.9 కోడ్ రాయమనండి. ఓపీ చీటీ మీద కూడా రాయమనండి. ఆ చీటీ పట్టుకుని ఆ నాట్ల పిల్ల అత్తగారికి చూపించగలదు. ఉపాధి పనికి వెళ్లి కొలత ప్రకారం మట్టి తియ్యలేని మనిషి మేస్త్రీకి చూపించగలడు. మెడికల్ లీవు అడిగిన ఆశా కార్యకర్త ఆఫీసులో చూపించగలదు. కాగితం లేని జబ్బుకి మన దగ్గర జాలి కూడా దొరకదు. ముప్ఫై ఏళ్లు రిజిస్టర్లు రాసినదాన్ని, ఆ సంగతి నాకు తెలుసు. అమెరికాలో 2021 జులైలో ఈ జబ్బుని వైకల్యంగా కూడా లెక్కించవచ్చని ప్రభుత్వం చెప్పింది. మన 2016 వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో 21 రకాలున్నాయి, ఈ పేరు వాటిలో లేదు. అంత దూరం వెళ్లడానికి కూడా ముందు లెక్క ఉండాలి కదా.

ఆ తర్వాత ఏరియా ఆస్పత్రుల్లో వారానికి ఒక మధ్యాహ్నం. మధ్యాహ్నమే ఎందుకంటే, పొద్దున్న ఓపీ క్యూలో రెండు గంటలు నిలబడలేని జబ్బు ఇది. బ్రిటన్‌లో 2020 చివరికే వీటికోసం ప్రత్యేక క్లినిక్‌లు మొదలుపెట్టారు. మనకి అంత పెద్దవి రాకపోయినా ఒక మెడిసిన్ డాక్టరు, ఒక ఫిజియోథెరపిస్టు, కూర్చోవడానికి బెంచీలు, పడుకోవడానికి ఒక మంచం చాలు. పడుకోబెట్టి, నిలబెట్టి నాడి చూడడానికి పట్టేది ఇరవై నిమిషాలు. రాలేనివాళ్లకి ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని ఉంది, దాంట్లోనే ఈ మాట అడగొచ్చు. కంటి వెలుగు అనే కంటి పరీక్షల పథకం కోసం తెలంగాణలో ఊరూరా టేబుళ్లు వేసి లక్షల కళ్లు చూశారు, అద్దాలు ఇచ్చారు. అనుకుంటే ఎంత చేయగలరో అప్పుడు మేం చూశాం.

రిటైరయ్యాక నేను ఊరుకోలేదు. రోజుకి ఒక ఇల్లు, ఓపిక ఉంటే రెండు. నా పాత రిజిస్టర్‌లో కోలుకున్నారని రాసినవాళ్ల పేర్లు నాకు చాలావరకు గుర్తే. వాళ్లింటికి వెళ్లి అరుగు మీద కూర్చుని, "ఇప్పుడు ఎలా ఉన్నావమ్మా" అని అడిగాను. ఎక్కువమంది బాగున్నారు, దేవుడి దయ. కొందరు నా మొహం వంక చూసి, చెప్పొచ్చా చెప్పకూడదా అన్నట్టు కాసేపు ఆగి, "కరోనా వచ్చిపోయిన కాణ్ణుంచి..." అని మొదలుపెట్టారు. వాళ్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పేరు, ఊరు, ఏం బాధ, ఏ పని మానేశారు. ఏ పని మానేశారన్న గడి నేనే చేర్చాను. బీడీలు చుట్టడం, చేపల గంప ఎత్తడం, సైకిల్ మీద బడికి వెళ్లడం అని ఉంది అందులో. చివరి పేరు పదో తరగతి చదివే పిల్లాడిది.

ఆ నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. మీ తరఫున ఎవరు వచ్చినా, వాళ్లందరూ సరేనంటే, ఇస్తాను. ఇళ్లు కూడా చూపిస్తాను. మధ్యాహ్నం మూడు దాటాక రండి, అప్పటికి నేను లేచి కూర్చుంటాను. అన్ని ఇళ్లూ ఒకే రోజు మాత్రం తిరగలేను, రెండు మూడు రోజులు పెట్టుకోవాలి.

ఇట్లు,
రిటైరైన ఏఎన్ఎం,
రేపల్లె మండలం, బాపట్ల జిల్లా